డార్లింగ్ అనే హక్కు ఎవరిది?

గూడూరు జంక్షన్‌లో తిరుపతి వైపు వెళ్లే రైలెక్కాను. ఎదుటి సీట్లో ఒక కాలేజీ అమ్మాయి. ముగ్గురు కుర్రాళ్లు వచ్చారు. ఒకడు ఆ అమ్మాయితో 'డార్లింగ్, కాస్త జరుగు' అన్నాడు. ఆమె కదల్లేదు. 'అటు చోటుంది, పో డార్లింగ్' అంది. వాడి మొహం మాడిపోయింది. 'ఎంత పొగరు నీకు!' అన్నాడు.

వాడి నోట ముద్దుమాట, ఆమె నోట పొగరెలా అయింది?

ఈ మాటకు అర్థం నిఘంటువులో దొరకదు. ఎవరు ఎవర్ని అనవచ్చు అన్నదాంట్లో ఉంది. 2010లో 'డార్లింగ్' సినిమా వచ్చాక ప్రభాస్ తన అభిమానులకు డార్లింగ్ అయ్యాడు. మగవాళ్లు ఒకర్నొకరు అలా పిలుచుకుంటే స్నేహం. అటూ ఇటూ అనుకోవచ్చు కనుక. తెలియని ఆడపిల్లని అదే మాట తెలుగులో 'ప్రియా' అని పిలిచే ధైర్యం ఆ కుర్రాడికుందా? చెప్పు తెగుతుందని తెలుసు. ఇంగ్లీషులో అయితే 'సరదాగా అన్నాను' అని తప్పుకోవచ్చు.

అండమాన్‌లో తాగి ఉన్న ఒకతను డ్యూటీలో ఉన్న మహిళా కానిస్టేబుల్‌ని డార్లింగ్ అన్నాడు. తెలియని స్త్రీని అలా పిలవడం లైంగికపరమైన వ్యాఖ్యేనని, 354ఎ సెక్షన్ కింద నేరమని కలకత్తా హైకోర్టు 2024లో తీర్పు చెప్పింది. సంతోషమే. కానీ ఇప్పటి మన సమాజ ప్రమాణాలు అందుకు ఒప్పుకోవని కూడా ఆ తీర్పు అంది. మరి రేపు సమాజం ఒప్పుకుంటే? కొలవాల్సింది సమాజం సమ్మతినా, ఆ స్త్రీ సమ్మతినా?

'అమ్మా, అక్కా అని పిలిస్తే పోలా' అంటారు పెద్దలు. వరస కలిపితే తప్ప మర్యాద దక్కదా మనకు? ఎవరికీ అక్కా చెల్లీ కాకుండా, ఉత్త మనిషిగా రైల్లో కూర్చోలేమా?

మాటని నిషేధించమనడం లేదు. నా స్నేహితురాలూ నేనూ డార్లింగ్ అనే పిలుచుకుంటాం. తిరిగి అనే హక్కు లేనిచోట మాత్రం అది ప్రేమ కాదు, పెత్తనం.

ఆ అమ్మాయి వెంకటగిరిలో దిగిపోయింది. అప్పటిదాకా ఆ ముగ్గురూ వెకిలిగా నవ్వుతూనే ఉన్నారు. ఆమె మాత్రం వెంటనే జవాబిచ్చింది. బోగీలో మిగతా వాళ్లెవరూ, ఇన్నేళ్లుగా స్త్రీవాదం రాస్తున్న నాతో సహా, నోరు విప్పలేదు.