నర్సింగ్ అస్తిత్వ పరిశోధనలో కులం ఎక్కడ?

నర్సింగ్ విద్యారంగంలో 'వృత్తి అస్తిత్వం' అనే భావన కొంతకాలంగా ప్రాధాన్యం పొందుతోంది. 2018లో అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయం చొరవతో మొదలైన చర్చలు తర్వాత ఒక అంతర్జాతీయ సంఘంగా రూపుదిద్దుకున్నాయి. ఒక వ్యక్తి నర్సుగా ఆలోచించడం, స్పందించడం, వ్యవహరించడం ఎలా అలవరచుకుంటారన్నది ఆ పరిశోధకుల ప్రధాన ప్రశ్న. విలువలు, జ్ఞానం, నాయకత్వం, వృత్తికి తగిన నడవడి అనే నాలుగు అంశాలుగా వారు దానికి జవాబు చెబుతున్నారు. ఈ చట్రం మన నర్సింగ్ కళాశాలలకూ చేరుతుంది. అయితే ఇక్కడి ఆసుపత్రి వార్డులోకి దానిని యథాతథంగా తెచ్చుకుంటే అసలు విషయమే జారిపోతుంది. రక్తం, చీము, మలమూత్రాలు తాకే పనిని వేల ఏళ్లుగా పుట్టుకతో ముడిపెట్టిన సమాజం మనది. ఇక్కడ నర్సు అస్తిత్వం గురించి మాట్లాడుతూ కులాన్ని పక్కన పెట్టడం సాధ్యం కాదు.

ఆధునిక నర్సింగ్ రాకముందు మన పల్లెల్లో పురుడు పోసింది మంత్రసానులు. వారిలో అత్యధికులు మంగలి, చాకలి, మాదిగ, మాల ఇళ్ల స్త్రీలు. బిడ్డను భూమ్మీదికి తెచ్చిన చేతులే పురిటి మైల తీరగానే అంటరాని చేతులయ్యేవి. ఆమె నైపుణ్యాన్ని వైద్యజ్ఞానంగా ఎవరూ లెక్కించలేదు. ఆధునిక ఆసుపత్రి వచ్చాక కూడా ఈ మైల భావన తొలగిపోలేదు. 1946లో భోర్ కమిటీ నివేదిక ఇచ్చేనాటికి దేశం మొత్తంలో సుమారు 7,000 మంది నర్సులు మాత్రమే ఉన్నారు. అంటే దాదాపు 43,000 మందికి ఒక్కరు. ఈ కొరతకు తక్కువ జీతాలు, దుర్భరమైన వసతులు ఎంత కారణమో, పరాయి దేహాన్ని తాకే పని తమ ఆడపిల్లలకు తగదన్న అగ్రవర్ణ కుటుంబాల పట్టింపు కూడా అంతే కారణం.

ఆ ఖాళీని మొదట పూరించినవారిలో క్రైస్తవ స్త్రీలే ఎక్కువ. తెలుగు నేలపై ఈ చరిత్రకు ప్రత్యేకత ఉంది. 1878లో ఒంగోలు ప్రాంతంలో వేలాది మాదిగలు బాప్టిస్టు మిషన్‌లో చేరారు. 1883లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషన్ వైద్యురాలు అన్నా కుగ్లర్ 1898లో అక్కడ ఆసుపత్రి నెలకొల్పారు. ఇలాంటి మిషన్ ఆసుపత్రుల శిక్షణ వల్ల మాల మాదిగ కుటుంబాల ఆడపిల్లలకు అక్షరం, జీతం, తెల్లని యూనిఫాం దక్కాయి. ఊరి బావి దగ్గర నిలువనివ్వని సమాజం వారిని ఆసుపత్రిలో 'సిస్టర్' అని పిలవాల్సి వచ్చింది. ఇది చిన్న మార్పు కాదు. కానీ 'నర్సు పని ఎవరైనా చేస్తారా?' అన్న ఈసడింపులో నర్సు కులంపై ఉన్న చులకన కూడా కలిసే ఉండేది. ఈ తరాల అనుభవం ఏ పాఠ్యపుస్తకంలో ఉంది? మడేలిన్ హీలీ 2013లో భారత నర్సింగ్ చరిత్రపై విలువైన గ్రంథం వెలువరించారు. అది ఇంగ్లీషులో ఉంది. గుంటూరు, ఒంగోలు, నెల్లూరు, మెదక్ నర్సుల కథ వారి భాషలో, వారి మాటల్లో గ్రంథస్థం కావలసే ఉంది.

చరిత్ర సంగతి అలా ఉంచి వర్తమానానికి వద్దాం. నర్సింగ్‌కు గౌరవం పెరగాలన్నది న్యాయమైన కోరిక. కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రుల్లో 'స్టాఫ్ నర్సు' హోదా 'నర్సింగ్ ఆఫీసర్'గా మారింది. తెలంగాణ కూడా ఆ బాట పట్టింది. సంతోషించదగిన మార్పే. అయితే గౌరవం ఎలా సమకూరుతోందన్నది చూడాలి. పాంచాలీ రాయ్ 2019లో ప్రచురించిన కోల్‌కతా అధ్యయనం ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. అక్కడి శిక్షణ పొందిన నర్సులు మురికిపనికీ తమకూ మధ్య దూరం పెంచుకోవడం ద్వారానే తమ మర్యాదను నిలబెట్టుకుంటున్నారు. ఆ పని ఆయాల మీద, అటెండెంట్ల మీద పడుతోంది. మన ఆసుపత్రుల్లోనూ రోగి పక్క మార్చడం, ఒళ్లు తుడవడం, బెడ్‌పాన్ తీయడం క్రమంగా నర్సు నుంచి ఆయాకు, ఆయా నుంచి పారిశుద్ధ్య కార్మికురాలికి దిగిపోతున్నాయి. చివరి మెట్టు మీద ఉన్నవారు ఎక్కువగా ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీల కింద పనిచేసే దళిత స్త్రీలు. పనినే కాక పనిచేసే మనుషులనూ ఒకరి కింద ఒకరిగా పేర్చేదే కులమని అంబేడ్కర్ 1936లోనే విశ్లేషించారు. ఒక వృత్తి తన కిందివారి మీద అడుగు పెట్టి ఎత్తు పెంచుకుంటే నిచ్చెనకు మరో మెట్టు చేరుతుందే తప్ప నిచ్చెన కూలదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ముప్పై నలభై మంది రోగులను ఒక్క నర్సు చూసుకోవలసి వస్తుంటే ఆమె ప్రతి పనీ స్వయంగా ఎలా చేయగలదు? ఇది నిజమైన ప్రశ్న. సిబ్బంది కొరత తీర్చకుండా నర్సును తప్పుపట్టడం అన్యాయం. ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల పరిస్థితి మరీ దారుణం. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన కమిటీ చిన్న ఆసుపత్రుల్లో సైతం నెలకు కనీసం 20,000 రూపాయలు ఇవ్వాలని సిఫార్సు చేసింది. దాని అమలు కోసం నర్సులు నేటికీ రోడ్డెక్కుతున్నారు. అయితే పనిభారం ఎందుకు బదిలీ అవుతుందో కొరత చెబుతుంది. అది ఎవరికి బదిలీ అవుతుందో కులమే చెబుతుంది. వృత్తి అస్తిత్వ పరిశోధన ఈ రెండింటినీ కలిపి చూడాలి.

మన పరిశోధన ప్రస్తుతం ఆ పని చేయడం లేదు. ఎమ్మెస్సీ నర్సింగ్ విద్యార్థులు ఏటా సమర్పించే సిద్ధాంత వ్యాసాల శీర్షికలు చూస్తే చాలు. ఫలానా వ్యాధిపై ఫలానా సమూహంలో అవగాహనను మదింపు చేయడం, బోధన కార్యక్రమం ముందు, తర్వాత మార్కులు పోల్చడం అనే మూసలోనే అధిక భాగం సాగుతాయి. వాటి మొదటి పట్టికలో వయసు, మతం, చదువు, ఆదాయం, కుటుంబ స్వభావం ఉంటాయి. కడకు శాకాహారమా, మాంసాహారమా అన్నదీ ఉంటుంది. కులం మాత్రం చాలావాటిలో కనిపించదు. ఆ పట్టికలో రోగి కులమే లేనప్పుడు నర్సు కులం ప్రసక్తి ఎక్కడిది? సిలబస్‌దీ అదే తీరు. 2021లో సవరించిన బీఎస్సీ నర్సింగ్ పాఠ్యప్రణాళికలో సమాజశాస్త్రం కింద కులం ఒక పాఠ్యాంశం. వృత్తి విలువలు, నైతికత వేరొకచోట బోధించే మరో అంశం. కులం బయటి సమాజంలో ఉన్న వస్తువనీ, ఆసుపత్రి దానికి అతీతమనీ విద్యార్థికి ఈ విభజనే నేర్పుతోంది. నర్సింగ్ చరిత్ర పాఠం ఫ్లోరెన్స్ నైటింగేల్‌తో మొదలవుతుంది. అంటరానివారితో సహా ప్లేగు రోగులకు సేవ చేస్తూ అదే వ్యాధి సోకి 1897 మార్చి 10న కన్నుమూసిన సావిత్రిబాయి ఫూలేకు అందులో చోటెక్కడ?

'నర్సులను కులం పేరుతో విడదీస్తారా?' అని కొందరు అడగవచ్చు. దీనికి సమాధానం అమెరికా నర్సింగ్ చరిత్రలోనే ఉంది. నర్సుల సంఘాల్లోకి తమను రానివ్వని కాలంలో అక్కడి నల్లజాతి నర్సులు 1908లో సొంత సంఘం పెట్టుకున్నారు. 1951 వరకు అది కొనసాగింది. చరిత్రకారిణి డార్లీన్ క్లార్క్ హైన్ 1989లో ఆ పోరాటాన్ని గ్రంథంగా నమోదు చేశారు. దశాబ్దాల ఒత్తిడి తర్వాత 2022లో అమెరికన్ నర్సెస్ అసోసియేషన్ తన జాతివివక్ష చరిత్రను బహిరంగంగా ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. గాయాన్ని నమోదు చేసినవారు వృత్తిని చీల్చలేదు, దానికి నిజాయితీ నేర్పారు. యాదృచ్ఛికమే కావచ్చు, భారత శిక్షిత నర్సుల సంఘం పుట్టింది కూడా 1908లోనే. కులం విషయంలో అలాంటి ఆత్మపరిశీలనకు మన నర్సింగ్ సంస్థలు ఎప్పుడు పూనుకుంటాయి?

అందుకు చేయవలసిన పనులు అసాధ్యమైనవేమీ కావు. నర్సింగ్ సీట్లలో, బోధకుల్లో, సూపరింటెండెంట్ వంటి పర్యవేక్షక హోదాల్లో ఏ సామాజిక వర్గం వాటా ఎంతో రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు ప్రచురించాలి. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీ ఉపవర్గీకరణను సమర్థించిన తర్వాత ఈ లెక్కలు ఉపకులాల వారీగా అవసరం. విజయవాడలోని ఎన్టీఆర్, వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయాలు ఎమ్మెస్సీ సిద్ధాంత వ్యాసాలన్నిటినీ తెలుగు సారాంశంతో సహా అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచాలి. కులానుభవంపై పరిశోధించదలచిన విద్యార్థికి గైడ్ అడ్డుపడకుండా, సమాచారం ఇచ్చిన నర్సుల పేర్లు బయటపడకుండా నైతిక కమిటీలు రక్షణ కల్పించాలి. పదవీ విరమణ చేసిన దళిత, బహుజన నర్సుల జ్ఞాపకాలను మౌఖిక చరిత్రగా సేకరించాలి. 2003లో 'నల్లపొద్దు' సంకలనంతో గోగు శ్యామల దళిత స్త్రీల గొంతుకలను ఒకచోట చేర్చినప్పుడు తెలుగు సాహిత్యం తన ముఖాన్ని కొత్తగా చూసుకుంది. నర్సింగ్ కూడా అలా చూసుకోవాలి.

అన్నిటికీ మించి ఆయాలు, పారిశుద్ధ్య కార్మికులు ఆ పరిశోధనలో భాగస్వాములు కావాలి. రోగి ఒంటిని శుభ్రం చేసే పనిలో ఎంత జ్ఞానం ఉందో వారికి తెలుసు. పుండు పడకుండా పక్క మార్చడం, మూత్రం రంగు చూసి ప్రమాదం పసిగట్టడం, భయపడిన మనిషిని మాటతో నిలబెట్టడం నర్సింగ్ శాస్త్రంలో కీలకమైన నైపుణ్యాలే. వాటిని మైలగా చూసే కన్ను మారితే నర్సుకు గౌరవం కోసం మరొకరిని కిందికి నెట్టే అవసరమే ఉండదు.

1947 నాటి భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. విద్యా ప్రమాణాలు, వృత్తి నడవడి ఎలా ఉండాలో ఆ చట్టం కింద నిర్ణయిస్తారు. నర్సు అంటే ఎవరన్న ప్రశ్నకు రానున్న తరాలకు అధికారిక సమాధానం అక్కడే తయారవుతుంది. అందులో కులవివక్షను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా స్పష్టంగా పేర్కొనాలని నర్సింగ్ విద్యార్థులు, సంఘాలు, సామాజిక ఉద్యమాలు కలిసి ఇప్పుడే డిమాండ్ చేయాలి.