ఎండే ప్రాణం

సికింద్రాబాద్‌లో ఏ ఇంటికి చుట్టాలొచ్చినా ఒక పూట సాలార్‌జంగ్ మ్యూజియానికి రాసిపెట్టి ఉంటుంది. గంట కొట్టే బొమ్మ కోసం అక్కడి గడియారం ముందు జనం మెడలు చాచి నిలబడతారు. అదే చుట్టాలు మెదక్ చర్చికి వెళితే బయట ఫొటో దిగి, లోపల పది నిమిషాలు తిరిగి వచ్చేస్తారు. నిజానికి అక్కడా ఒక గడియారం ఉంది, కాకపోతే దాన్ని నడిపేది సూర్యుడు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆ చర్చిలో ఉన్న మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలే ఆ గడియారం. క్రీస్తు ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ 1958లో వచ్చాయి. మూడూ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ పనే. చివరిది ఎనభై దాటాక చేసింది. రాజుల చిత్తరువులతో పేరుపడ్డ ఈయన చేయి కుదిరింది మాత్రం అన్నగారి అద్దాల కార్ఖానాలో. కాన్వాసు మీద వెలుగును రంగుతో పుట్టించాలి. అద్దం దగ్గర పని తిరగబడుతుంది: ఉన్న వెలుగులో ఎంత ఆపాలి, ఎంత వదలాలన్నదే లెక్క. మబ్బు పడితే నీలం బరువెక్కుతుంది, ఎండ కాస్తే ఎరుపు మండుతుంది. మ్యూజియంలో బల్బు ముందు బిగించిన కిటికీకి ఈ యోగం లేదు. దానికి రోజంతా ఒకటే వేళ. రంగుటద్దాన్ని ఉత్త అలంకారమనేవాళ్లు బహుశా ఒక్కసారే చూసి ఉంటారు.

మెదక్ వెళ్లేవాళ్లు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం భోజనాలయ్యాక మరోసారి లోపలికి వెళ్లండి.