అది నాటుకోడా, అడవి కోడా?

మొన్న ఆదివారం పొద్దున్నే ఫోన్ తీస్తే వాట్సాప్‌లో రెండు ఫొటోలు.

ఒకటి టెక్సాస్ నుంచి మా బావ పంపింది. మోకాళ్ల మీద కూర్చుని, పేద్ద టర్కీ కోడి తోకను విసనకర్రలా విప్పి పట్టుకున్నాడు. కింద ఒక్క ముక్క: "రియో గ్రాండే, బామ్మర్దీ!"

రెండోది మా గూడూరు నుంచి. నాతో పదో తరగతి దాకా చదివిన దోస్తు పంపిండు. చీకట్లో ఫ్లాష్ కొట్టి తీసిన ఫొటో. గోనెసంచి మీద కాళ్లు కట్టేసిన పుంజు. "మామా, ఇది అసలు అడవి కోడేనా? పదిహేను వందలు చెప్తున్నడు. తీసుకోమంటవా?"

ముందు బావకు ఫోన్ చేసిన. రియో గ్రాండే అంటే ఏందని అడిగితే అరగంట క్లాసు పీకిండు. అమెరికాలో అడవి టర్కీలు అయిదు రకాలట. జాతి ఒక్కటే, ఉపజాతులు వేరు. తోక ఈకల అంచు చూసి చెప్పేస్తారు. ముదురు గోధుమ రంగైతే ఈస్టర్న్. లేత గోధుమైతే రియో గ్రాండే. దాదాపు తెలుపైతే మెరియమ్స్, మల్లెపూవంత తెలుపైతే గూల్డ్స్. ఫ్లోరిడాలో ఉండే ఆసియోలాకు తోక ఈస్టర్న్ లాగే ఉంటది, రెక్క ఈకల మీద తెల్ల పట్టీలు మాత్రం సన్నం. మొదటి నాలుగూ కాదు, గూల్డ్స్ తీసేసి మిగతా నాలుగూ కొట్టినోడికి అక్కడ 'గ్రాండ్ స్లామ్' అని పేరు. బావ ఇంకా ఒకటి దగ్గరే ఉన్నాడు.

ఊరికే పోయి కాల్చడం కుదరదు. లైసెన్సు ఉండాలి, సీజన్ ఉండాలి. ఎండాకాలం ముందు సీజన్‌లో రొమ్ము మీద గడ్డంలా వెంట్రుకల కుచ్చు వేలాడే పుంజునే కొట్టాలి. నాకు నచ్చిన సంగతి వేరే ఉంది. వందేళ్ల కింద అక్కడ కూడా వేటాడి వేటాడి, అడవులు కొట్టి, టర్కీలను దాదాపు ఖాళీ చేసుకున్నరు. 1937లో ఒక చట్టం తెచ్చి, తుపాకులు తూటాల మీద వచ్చే పన్నును అడవి జంతువుల కోసమే ఖర్చు పెట్టడం మొదలుపెట్టారు. ఉన్న చోట పట్టి, లేని చోట వదిలారు. ఇప్పుడు బావ చేతిలో ఉన్నది ఆ లెక్కలో మిగిలిన కోడి.

ఇక మన గోనెసంచి పుంజు. ఫొటోను రెండు వేళ్లతో పెద్దగా చేసి చూసిన.

ఇట్లాంటివి చూసుడు నాకు నేర్పింది మా తాత. ఆయన చిన్నప్పుడు ఉచ్చులు పెట్టినోడే, దాచుకోడు. మనకు అడవి కోళ్లు రెండు జాతులు. ఎర్రది, బూడిద రంగుది. ఎర్ర పుంజు మన నాటు పుంజుకు అచ్చం తమ్ముడే: మెడ మీద బంగారు ఈకలు, తోక మొదట్లో తెల్లటి మచ్చ, పలక రంగు కాళ్లు. వానాకాలంలో ఆ బంగారు ఈకలు రాలి మెడ నల్లబడుతది, అప్పుడు గుర్తుపట్టుడు కష్టం. పెట్టకైతే తురాయి ఉన్నట్టే కనపడదు. బూడిద పుంజు అట్ల కాదు. మెడ ఈకల మీద పసుపు మైనం చుక్కలు కారినట్టు మెరుస్తయి. కాళ్లు ఎర్రగుంటయి. ఆ మైనం చుక్కల కోసమే తెల్లదొరలు ఆ ఈకలు కొనేవాళ్లు, చేపల గాలాలకు ఎర బొమ్మలు కట్టుకోవడానికి! పక్షి పుస్తకాల ప్రకారం ఈ రెండింటికీ సరిహద్దు మన గోదారి. అటు ఎర్రది, ఇటు బూడిదది. గూడూరు, పాకాల అడవులు ఇటు పక్క.

కూత మాత్రం తాత దగ్గరే వినాలె. ఎర్రది నాటు కోడిలాగే కూస్తదట గానీ చివర్ల గొంతు నొక్కినట్టు టక్కున ఆపుతది. బూడిదది విరిగిన కూత, ముక్కలు ముక్కలుగా.

ఇంకో ముచ్చట. మన ఇంటి కోళ్లన్నీ ఎర్ర అడవి కోడి సంతానమని 1868లోనే డార్విన్ రాసిండు. అది నిజమే. కానీ 2008లో జన్యువులు చూస్తే, కోళ్ల పసుపు పచ్చ చర్మం మాత్రం బూడిద కోడి నుంచి వచ్చిందని తేలింది. అంటే మీ వాకిట్ల పసుపు కాళ్ల నాటుకోడి తిరుగుతుంటే, దాంట్లో మన దక్కన్ అడవి ముక్క ఒకటి ఉన్నట్టే. ఇప్పుడు ఉల్టా నడుస్తుంది. అడవి అంచు ఊళ్లల్లో నాటు పుంజులు పోయి ఎర్ర అడవి పెట్టలతో కలుస్తున్నయి. పుట్టేవి అటూ ఇటూ కాని పిల్లలు. వంద కోళ్లు చూసినా, అసలుది ఏదో చెప్పే కళ్లు ఎన్ని మిగిలినయి?

ఫొటోలో మెడ మీద మైనం చుక్కలు స్పష్టంగా కనపడుతున్నయి. కాళ్లు ఎర్రగా, తాడు బిగిసి.

అసలుదే. ఇక్కడ ఆగిపోయిన. 'నాటుదిరా, మోసం' అని అబద్ధం చెప్తే వాడు కొనడు. నిజం చెప్తే రేటు ఖాయమైతది. పావుగంట ఆలోచించి నిజమే టైప్ చేసిన: "అసలుదేరా. అందుకే కొనకు. 1972 చట్టం కింద ఉచ్చు పెట్టినా వేటే, కొన్నా కేసే. జైలు కూడా ఉంటది. ఇడిచిపెట్టమను." చట్టం మాట చదివి నాకే నవ్వొచ్చింది. చిన్నప్పుడు తాత తెచ్చిన కూర రెండుసార్లు వేసుకుని తిన్న పోరన్ని నేనే.

నీలం టిక్కులు పడ్డయి. జవాబు లేదు. సాయంత్రం వచ్చింది: "నేను వద్దన్న మామా. వేరేటోడు పన్నెండు వందలకు పట్టుకపోయిండు."

వచ్చే నెల గూడూరు పోతున్న. సీతానగరం దగ్గర, భీముని పాదం జలపాతం దారిలో తెల్లారకముందే తాతను బండి మీద కూర్చోబెట్టుకుని పోదామని అనుకున్నం. ఆయన చెవులు ఈ మధ్య మందమైనయి. ఫోన్‌ల రికార్డు చేసి, ఇంటికొచ్చినంక సౌండు పెంచి వినిపిస్త. ఏదో ఆయనే చెప్తడు.