ఉప్పల్ దాటితే భువనగిరి
ఇటలీ నడుమ టైటానో కొండ మీద శాన్ మారినో అనే బుల్లి దేశం ఉంది. విస్తీర్ణం 61 చదరపు కిలోమీటర్లే. ఆ కొండ కొమ్మున నిలిచిన మూడు మధ్యయుగపు బురుజులను చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వెళ్తారు. 2008లో యునెస్కో వాటికి ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చింది. వెళ్లగలిగినవాళ్లు తప్పకుండా వెళ్లాలి. కానీ ఉప్పల్, నాచారం వాళ్లకు ఇంత దగ్గరలో భువనగిరి ఖిల్లా ఉండగా, యాదగిరిగుట్టకు పోతూ దాన్ని బస్సు కిటికీలోంచి చూసి ఊరుకుంటున్నారే, అదే నా బాధ. పశ్చిమ చాళుక్య ప్రభువు త్రిభువనమల్ల ఆరో విక్రమాదిత్యుడి పేరు మీద వెలసిన కోట అది. ఏకశిల, 500 అడుగులకు పైగా ఎత్తు; చాలాచోట్ల ఆ నున్నటి బండే ప్రాకారం, మనిషి కట్టింది మిగతాదే. 18వ శతాబ్ది తొలినాళ్లలో సర్వాయి పాపన్న దీని మీదికి దండెత్తాడు. 2014లో పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ కొండలెక్కడం నేర్చుకున్నదీ ఈ బండ మీదే. శాన్ మారినోలో 1959 నుంచే రోప్‌వే నడుస్తోంది. ఇక్కడా రావాలి, ముసలివాళ్లూ పైకి చేరాలి. అంతకంటే ముందు మెట్ల దారి పొడవునా తాగునీళ్లు, కాస్త నీడ, ఏ గోడ ఏ కాలానిదో తెలుగులో చెప్పే బోర్డులు కావాలి. ఈ చలికాలంలో ఒక ఆదివారం పొద్దున్నే ఉప్పల్ రింగు రోడ్డులో వరంగల్ బస్సెక్కండి. పిల్లల్ని వెంటబెట్టుకుని భువనగిరిలో దిగండి.