స్కాన్ మందు నరం దాటితే...

జిన్నారం, బొల్లారం, గడ్డపోతారం వాళ్లకు సీటీ స్కాన్ అంటే పటాన్‌చెరుకో, సంగారెడ్డికో, హైదరాబాద్‌కో ఓ పూట ప్రయాణం. స్కాన్ అవగానే షిఫ్టుకు వేళవుతోందనో, బస్సు వెళ్లిపోతుందనో బయల్దేరిపోతారు. చేయి కాస్త ఉబ్బినా 'సూది గుచ్చారుగా, తగ్గుతుందిలే' అనుకుంటారు. చాలామందికి తగ్గుతుంది కూడా. అరుదుగా మాత్రం ఆ ఉబ్బే చేతికి ముప్పు తెస్తుంది.

అవయవాలు, రక్తనాళాలు స్పష్టంగా కనపడటానికి కొన్ని స్కాన్లలో అయోడిన్ ఉన్న కాంట్రాస్ట్ మందు ఎక్కిస్తారు. 'డై' అంటారు గానీ అది రంగులేని ద్రవమే. యంత్రం దాన్ని సాధారణంగా సెకనుకు 2 నుంచి 5 మిల్లీలీటర్ల వేగంతో నరంలోకి పంపుతుంది. సూది పక్కకు జరిగినా, నరం చిట్లినా మందు చర్మం కిందికి చేరుతుంది. వృద్ధులకు, పసిపిల్లలకు, కీమోథెరపీ తీసుకున్నవాళ్లకు, చేతి వెనకో పాదం మీదో సూది పెట్టినవాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ.

మందు ఎక్కుతుంటే ఒళ్లంతా వెచ్చబడటం, నోట్లో లోహపు రుచి తగలడం మామూలే. సూది దగ్గర మంట, నొప్పి, బిగుతు మాత్రం మామూలు కాదు. మొహమాటపడకుండా అప్పుడే గట్టిగా చెప్పాలి. ఆలస్యమైన ఒక్కో సెకనుకూ చెంచాడు మందు దాకా బయటికి పోవచ్చు.

ఏం చేస్తారు?

ముందు మందు ఆపేస్తారు. చేతిని గుండె కన్నా ఎత్తులో ఉంచుతారు. గుడ్డలో చుట్టిన ఐస్‌ప్యాక్‌తో కాసేపు కాపడం పెడతారు. కొన్నిచోట్ల వేడి కాపడమూ పెడతారు. తర్వాత కొన్ని గంటలు గమనిస్తారు. బాగానే ఉందని డాక్టర్ చెప్పేదాకా కదలకూడదు. ఇంటికెళ్లాక ఉబ్బు మీద బామ్ రుద్దడం, సున్నం పట్టు వేయడం, గట్టిగా కట్టు కట్టడం వద్దు. ఆ చేత్తో బరువులు ఎత్తొద్దు.

ఎప్పుడు పరుగెత్తాలి?

వాపు, నొప్పి పెరుగుతున్నా, వేళ్లు తిమ్మిరెక్కినా, చల్లబడినా, పాలిపోయినా, చాపితే భరించలేని నొప్పి వచ్చినా, బొబ్బలు లేచినా ఆసుపత్రికి వెళ్లాలి. లోపల ఒత్తిడి పెరిగి కండరాలకు రక్తం అందకపోతే కొద్ది గంటల్లోనే సర్జన్ ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. రాత్రయిందని తెల్లవారేదాకా ఆగకూడదు.

అందుకే మందు లీకైందని తెలిస్తే ఎంత పోయిందో కాగితం మీద రాయించుకోవాలి. అవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలో కూడా అడిగి, ఆ తర్వాతే ఊరికి బయల్దేరాలి.