టైరు పుట్టిన తేదీ అడగండి

స్పోర్ట్స్ కారు నడుపుతున్నవారికి, కొనబోతున్నవారికి, రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖ అధికారులకు విజ్ఞప్తి

2024 వర్షాకాలంలో మా తమ్ముడు రెండు డోర్ల స్పోర్ట్స్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. కారు వయసు పదకొండేళ్లు. తిరిగింది మాత్రం పంతొమ్మిది వేల కిలోమీటర్లే. టైర్లు పాలిష్ కొట్టి నిగనిగలాడుతున్నాయి. గాడిలో రూపాయి బిళ్ల నిలబెడితే లోపలికి దిగింది. "ఇవి కొత్త టైర్ల కిందే లెక్క సార్" అన్నాడు అమ్మినాయన. వారం తిరక్కముందే హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు దిగే మలుపులో, చినుకులు మొదలైన కాసేపటికి, కారు వెనకభాగం పక్కకు జారి బండి అడ్డం తిరిగింది. అప్పటికి స్పీడు అరవై కూడా లేదు. ఇనుప రెయిలింగ్‌కు జానెడు దూరంలో ఆగింది.

మర్నాడు టైరు షాపులో కారును పైకెత్తించి, ఫోన్ లైటు వేసి, టైరు లోపలి పక్క వెతికాం. 'డాట్' అని మొదలయ్యే అక్షరాల వరస చివర, కోలగా ఉన్న చిన్న గడిలో నాలుగు అంకెలు కనిపించాయి: 2213. అంటే 2013వ సంవత్సరం, 22వ వారం. కారుతోపాటు వచ్చిన టైర్లే ఇంకా ఉన్నాయి. షాపు కుర్రాడు గాడి అంచులను బొటనవేళ్లతో విడదీసి చూపించాడు. అడుగున వెంట్రుక వాసి పగుళ్లు. గోరు గుచ్చితే దిగదు, ఎండిన చెప్పు అట్టలా ఉంది. బయటి నుంచి చూస్తే అవేవీ కనపడవు.

కొలబద్ద పెట్టి చూస్తే చట్టం ముందు ఆ టైర్లు పాసే. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లో వచ్చాయి. అందులో 94వ నిబంధన ప్రకారం కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఇన్నేళ్లు దాటితే మార్చాలన్న లెక్క మాత్రం లేదు. సొంత కారుకు ఒకసారి రిజిస్ట్రేషన్ అయితే పదిహేనేళ్ల దాకా ఫిట్‌నెస్ పరీక్ష ఉండదు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు పొగ చూస్తారు, టైరు చూడరు.

మామూలు కార్లకు ఈ ఇబ్బంది అంతగా లేదు. రోజూ ఆఫీసుకు తిరిగే బండికి టైరు ముసలిదయ్యేలోపే గాడి అరిగిపోతుంది, మార్చక తప్పదు. స్పోర్ట్స్ కారు అలా కాదు. కవరు కప్పుకుని నెలల తరబడి సెల్లారులో ఉంటుంది. ఏదో ఆదివారం తెల్లవారుజామున బయటికొస్తుంది. ఏడాదికి రెండు మూడు వేల కిలోమీటర్లు తిరిగితే ఎక్కువ. గాడి చెక్కుచెదరదు, రబ్బరు మాత్రం గాలిలోని ఆక్సిజన్‌కు, ఓజోన్‌కు రోజురోజుకూ గట్టిపడుతుంది. దాన్ని కాపాడటానికి తయారీలో కలిపే మైనం, టైరు తిరుగుతూ నలుగుతుంటేనే పైకి ఊరుతుంది. నిలబెట్టిన బండికి ఆ కాపుదల కూడా తక్కువే. పైగా మన ఎండలు! 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీ అమెరికాలో 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచింది. ట్రెడ్ ఊడిపోయి కార్లు బోల్తాపడిన ఆ ప్రమాదాలు ఎక్కువగా జరిగింది ఆరిజోనా, టెక్సాస్, ఫ్లోరిడా లాంటి వేడి రాష్ట్రాల్లో. రెంటచింతల, రామగుండం ఎండలు తెలిసిన మనకు టైరుకు వేడి ఏం చేస్తుందో వేరే చెప్పాలా?

'ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్' సినిమాల పాల్ వాకర్‌ను మన కుర్రాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. 2013 నవంబరు 30న కాలిఫోర్నియాలో ఆయన ప్రయాణిస్తున్న పోర్షా కరేరా జీటీ స్తంభాన్ని, చెట్లను ఢీకొట్టింది. కారులోని ఇద్దరూ చనిపోయారు. మితిమీరిన వేగమే కారణమని దర్యాప్తు తేల్చింది, అందులో సందేహం లేదు. అదే దర్యాప్తులో ఆ కారు టైర్ల వయసు తొమ్మిదేళ్లని కూడా బయటపడింది. లక్షల డాలర్ల కారు అది. టైర్లు కొనలేక అలా వదిలేశారా? లేదు. గాడి బాగుంటే టైరు బాగున్నట్టేనని మనలాగే అనుకుని ఉంటారు.

బ్రిటన్‌లో ఒక తల్లి ఈ పోరాటం చేసి గెలిచింది. 2012లో సంగీతోత్సవం నుంచి తిరిగొస్తున్న కోచ్ బస్సు ముందు టైరు పేలి ముగ్గురు చనిపోయారు. వారిలో ఫ్రాన్సెస్ మలోయ్ కొడుకు మైకేల్ ఒకడు. ఆ అబ్బాయికి 18 ఏళ్లు. ఆ టైరుకు 19 ఏళ్లు దాటాయి. అంత పాత టైరు వాడటం అప్పటి చట్టంలో నేరం కాదు. ఆమె ఏళ్ల తరబడి ప్రభుత్వం తలుపు తట్టింది. చివరికి 2021 ఫిబ్రవరి 1 నుంచి బస్సులు, కోచ్‌లు, లారీల ముందు ఇరుసుకు పదేళ్లు దాటిన టైరు వాడకూడదని అక్కడ చట్టమైంది.

మనకూ అలాంటి నిబంధన కావాలి. 94వ నిబంధనలో గాడి లోతుతోపాటు వయసు కూడా చేర్చాలి. పదేళ్లు దాటిన టైరు ఏ కారుకూ రోడ్డెక్కకూడదు. అది కేంద్రం చేతిలో ఉంది, సమయం పడుతుంది. ఈలోగా మన రవాణా శాఖలు పట్టుదలగా ప్రయత్నించాల్సింది ఒకటుంది. కారు చేతులు మారేటప్పుడు ఫారం 29, ఫారం 30 ఇస్తున్నాం కదా. వాటితోపాటు నాలుగు టైర్ల తయారీ వారం, సంవత్సరం రాసి అమ్మేవారు సంతకం చేసిన కాగితం కూడా తీసుకోవాలి. టైరు షాపులు బిల్లు మీద సైజు, ధరతోపాటు ఆ నాలుగు అంకెలూ వేయాలి. మందుల అట్ట మీద తయారీ తేదీ చూసుకునే మనం, 150 స్పీడులో మన ప్రాణం మోసే రబ్బరుకు ఆ తేదీ ఎందుకు అడగం?

యజమానులు చట్టం వచ్చేదాకా ఆగనవసరం లేదు. గాడి ఎంత ఉన్నా ఆరేళ్లకు టైర్లు మార్చేయండి. చాలా కార్ల కంపెనీలు చెప్పే గడువు అదే. 2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతిపై ఆంక్షలు పెట్టాక కొన్ని పెద్ద సైజులు దొరకడం కష్టమైంది. దొరికిందే మహాభాగ్యమని పాత స్టాకు కొన్నవాళ్లు నాకు తెలుసు. నాలుగు వారాలు ఆగినా ఫరవాలేదు, మూడేళ్ల నుంచి గోదాములో మగ్గిన టైరు మాత్రం కొనకండి.

సైజు ఒక్కటే కలిస్తే చాలదు. సైజు పక్కన చివర ఉండే అక్షరం చూడండి. హెచ్ అంటే గంటకు గరిష్ఠంగా 210 కిలోమీటర్లు, వి అంటే 240, డబ్ల్యూ 270, వై 300. "మన రోడ్ల మీద మూడొందలు ఎవరు పోతారు సార్, హెచ్ వేసుకోండి, సగం ధరకొస్తుంది" అంటారు షాపులో. నిజమే, ఎవరూ పోరు, పోకూడదు కూడా. కానీ ఆ అక్షరం టైరు ఎంత వేడిని తట్టుకుంటుందో చెబుతుంది. పెద్ద ఇంజను కారు బరువును, బ్రేకు ఒత్తిడిని, మలుపులో పడే భారాన్ని లెక్కగట్టి కంపెనీ ఇచ్చిన అంచనా అది. దాన్ని తగ్గించకండి. పోర్షాకు ఎన్ అక్షరంతో, బీఎండబ్ల్యూకు నక్షత్రం గుర్తుతో ఆ కారు కోసమే తయారైన టైర్లు ఉంటాయి. పేరు ఒకటే అయినా లోపలి నిర్మాణం వేరుగా ఉండొచ్చు. ఆ గుర్తున్నవే అడగండి. ముందు ఒక కంపెనీ, వెనక ఇంకో కంపెనీ వేయకండి. రేస్ ట్రాక్ కోసం చేసిన సెమీ స్లిక్ టైర్లు ఫొటోల్లో బాగుంటాయి. వాటి గాడులు తక్కువ, లోతూ తక్కువ. జూలైలో నీళ్లు నిలిచిన రోడ్డు మీద అవి తేలిపోతాయి.

ఖర్చు గురించి నాకు తెలుసు. నాలుగు టైర్లకు లక్ష దాటుతుంది, కొన్నింటికి ఇంకా ఎక్కువ. కానీ అడ్డం తిరిగిన ఆ కారు వెనకే, కూతుర్ని ముందు కూర్చోబెట్టుకుని ఒకాయన స్కూటీ మీద సర్వీసు రోడ్డులో వెళ్తున్నాడు. ఆ జానెడు దూరంలో ఆగకపోయుంటే మా తమ్ముడి కారు రెయిలింగ్ దాటి ఆయన మీదికే పోయేది.

ఈ ఆదివారం కారు బయటికి తీసే ముందు టార్చి పట్టుకుని నాలుగు టైర్ల లోపలి పక్కా చూడండి. అంకెలు రాసుకోండి. టైర్లకు ఆరేళ్లు దాటి ఉంటే ఆ రోజు బండిని సెల్లారులోనే ఉంచి, టైరు షాపుకు ఫోన్ చేయండి. తర్వాత ఈ కరపత్రం వెనక సంతకం పెట్టి, మీ టైర్ల తేదీలు రాసి, మీ ఆర్టీవో ఆఫీసులో ఇవ్వండి.