దవడ ఆపరేషన్ అయిన మనిషికి కింది మంచం ఇయ్యండి



ఈసారి సంపాదకీయం జీతాల గురించీ కాదు, వీసాల గురించీ కాదు. దవడ గురించి. చిన్న విషయం అనుకోకండి. స్కాఫోల్డింగ్ మీది నుంచి జారినా, పైపు వచ్చి మొహానికి తగిలినా, డెలివరీ బండి స్కిడ్ అయినా దెబ్బ తగిలే చోట్లలో గడ్డం ఒకటి. దవడ ఎముక విరిగితే డాక్టర్లు ఆపరేషన్ చేసి చిన్న టైటానియం ప్లేట్లు, స్క్రూలు వేస్తారు. కొందరికి పైపళ్లను, కిందిపళ్లను కలిపి వైర్లతోనో రబ్బరు బ్యాండ్లతోనో కట్టేస్తారు. మామూలుగా అది నాలుగు నుంచి ఆరు వారాలు ఉంటుంది. వైర్లు లేకుండా ప్లేట్లు ఒక్కటే వేసినా అన్ని రోజులూ గట్టిది నమలకూడదు.

ఆస్పత్రిలో ఉంచేది కొద్ది రోజులే. తర్వాత మనిషి వచ్చేది క్యాంపుకే, ఎనిమిది మంది పడుకునే అదే రూముకు. మేం చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది. ఆపరేషన్ డాక్టర్ చేస్తాడు, మిగతా ఆరు వారాలు రూము చూసుకోవాలి. కాలు విరిగినోడు "అన్నా, కొంచెం నీళ్లియ్యి" అని అడుగుతాడు. దవడ కట్టినోడు అది కూడా సరిగ్గా అడగలేడు. రెండుసార్లు అడిగి, మనకు అర్థం కాకపోతే మూడోసారి ఊరుకుంటాడు. అందుకే ఆయన అడిగేదాకా ఆగకుండా మనమే ముందు అడగాలి.

*మొదటి మూడు రోజులు*

వాపు ఆపరేషన్ రోజు కంటే రెండో రోజు, మూడో రోజు ఎక్కువ అవుతుంది. అద్దంలో చూసుకుని "ఆపరేషన్ చెడిపోయింది" అని భయపడేవాళ్లు ఉంటారు. చెడిపోలేదు, వాపు అట్లనే ఉంటుంది. తర్వాత మెల్లగా దిగుతుంది. మొదటి రెండు రోజులు ఐసు ముక్కలు బట్టలో చుట్టి బుగ్గ మీద ఇరవై నిమిషాలు పెట్టాలి, ఇరవై నిమిషాలు తీసేయాలి. ఐసు నేరుగా చర్మానికి తగలనీయొద్దు.

పడుకునేటప్పుడు తల ఎత్తుగా ఉండాలి. రెండు మూడు దిండ్లు కావాలి. దిండ్లు లేకపోతే దుప్పట్లు మడిచి పెట్టండి. బంకు మంచం పైభాగంలో తల ఎత్తి పడుకోవడం, రాత్రి వాంతి వస్తే నిచ్చెన దిగి ఉరకడం అయ్యే పని కాదు. ఆరు వారాలు కింది మంచం ఆయనకు ఇచ్చేయండి. కింది మంచం సీనియర్‌దని మన రూముల్లో ఒక లెక్క ఉంది. ఆ లెక్కను ఈ నెలన్నర పక్కన పెట్టండి.

*వైర్లు ఉన్నవాళ్లకు కట్టర్*

పళ్లు కట్టేసి ఉన్నప్పుడు అందరికీ ఉండే భయం ఒకటే: వాంతి వస్తే ఎట్లా? వస్తే కూర్చోబెట్టి ముందుకు వంచండి, తల కిందికి పెట్టించండి. తినేదంతా నీళ్లలాంటిదే కాబట్టి పళ్ల సందుల్లోంచి, బుగ్గల పక్క నుంచి బయటికి వచ్చేస్తుంది. వెల్లకిలా మాత్రం పడుకోనీయొద్దు. ఊపిరి ఆడక నిజంగా ఉక్కిరిబిక్కిరి అయితేనే వైర్లు కత్తిరించాలి. అందుకు డిశ్చార్జి రోజే చిన్న కట్టర్ అడిగి తీసుకోండి. ఏ వైరు, ఎక్కడ కత్తిరించాలో నర్సుతో చూపించుకోండి. రోగి ఒక్కడికే కాదు, రూములో ఇంకో ఇద్దరికి తెలిసి ఉండాలి. కట్టర్ పెట్టె అడుగున దాచకండి, మంచానికి దారంతో కట్టి వేలాడదీయండి. కత్తిరించిన వెంటనే ఆస్పత్రికి పోవాలి. అంబులెన్సుకు యూఏఈలో 998, సౌదీలో 997, కువైట్‌లో 112.

మొదటి వారం ఆయన్ని రాత్రి ఒంటరిగా వదలకండి. అందరిదీ నైట్ షిఫ్టే అయితే పక్క రూము వాళ్లకు చెప్పి పోండి.

*తిండి*

ఆకలి అన్నిటికంటే పెద్ద బాధ. అన్నం తినే మనుషులం మనం, నమలకపోతే తిన్నట్టే ఉండదు. రెండు మూడు వారాల్లో కొన్ని కిలోలు తగ్గడం మామూలే. మరీ నీరసపడిపోకుండా చూసుకోవాలి. రోజుకు మూడుసార్లు కాదు, రెండు మూడు గంటలకు ఒకసారి కొంచెం కొంచెం తాగాలి.

మన వంటల్లోనే దీనికి కావల్సినవి ఉన్నాయి. రాగి జావ, గంజి, బాగా మెదిపిన పప్పుకట్టు, మజ్జిగ, కోడి సూపు. ఇక్కడ ప్రతి బకాలాలో దొరికే లబన్, పాలు ఉన్నాయి. నానబెట్టిన ఖర్జూరం, అరటిపండు పాలల్లో వేసి మిక్సీ పట్టొచ్చు. షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగాలి. బలానికి ఉడికించిన గుడ్డు, పప్పు, చికెన్ మెత్తగా రుబ్బి పల్చగా చేసుకోవచ్చు. పచ్చిగుడ్డు వద్దు. వైర్లు ఉన్నవాళ్లకు ఏది రుబ్బినా జల్లెడతో వడకట్టే ఇవ్వాలి, పిప్పి ఉంటే వైర్లలో ఇరుక్కుంటుంది. స్ట్రాతో పీల్చొచ్చా, సిరంజితో పోసుకోవాలా అనేది మీ డాక్టర్ చెప్పినట్టు చేయండి. మూత్రం ముదురు పసుపుగా వస్తుంటే నీళ్లు చాలడం లేదని అర్థం.

రూములో మిక్సీ లేకపోతే ఎనిమిది మంది తలా కొంచెం వేసుకుని ఒక చిన్నది కొనండి. ఆయన కోలుకున్నాక అది మీ అందరికీ పచ్చడికి పనికొస్తుంది.

ఇంకో మాట. ఆయన ముందు కూర్చుని బిర్యానీ తినేటప్పుడు "నీకు లేదు కదా బావా" అని నవ్వడం మొదటి రోజు సరదాగానే ఉంటుంది. ఇరవయ్యో రోజు ఉండదు.

*నోరు, పెదవులు*

తిన్న ప్రతిసారీ గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించాలి. గట్టిగా కాదు, మెల్లగా. డాక్టర్ మౌత్‌వాష్ రాస్తే అదీ వాడాలి. పిల్లల మెత్తటి బ్రష్షుతో వైర్ల పైన, పళ్ల బయటివైపు తోముకోవాలి. నోరు శుభ్రంగా లేకపోతే చీము పడుతుంది, చీము పడితే ప్లేటు తీసి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. వైరు కొసలు బుగ్గలోపల గుచ్చుకుంటుంటే దాని మీద పెట్టుకునే మైనం పంటి డాక్టర్ దగ్గర, ఫార్మసీలో దొరుకుతుంది. పెదవులు పగలకుండా వాసెలిన్ రాయండి.

కింది పెదవి, గడ్డం తిమ్మిరిగా ఉండడం చాలామందికి జరుగుతుంది. నరం మెల్లగా కోలుకుంటుంది, వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. తిమ్మిరి ఉన్నన్నాళ్లు వేడి తెలియదు, నోరు కాలుతుంది. అందుకే జావ ముందు మణికట్టు మీద చుక్క వేసి చూసుకోండి.

సిగరెట్, ఖైనీ, గుట్కా, మందు ఈ ఆరు వారాలూ వద్దు. పొగాకు ఎముక అతుక్కోవడాన్ని ఆలస్యం చేస్తుంది. మందు తాగితే వాంతి, వైర్లు ఉన్నప్పుడు వాంతి ఎంత ప్రమాదమో పైన చెప్పాం. తోడుగా ఉన్నవాళ్లు కూడా ఆయన ముందు అలవాటు కొంచెం ఆపుకుంటే సాయం చేసినట్టే.

*నొప్పి మాత్రలు ఊరి నుంచి తెప్పించకండి*

నొప్పి మొదటి వారం ఎక్కువ. డాక్టర్ రాసిన మందు టైము ప్రకారం వేసుకుంటే నొప్పి ఓర్చుకునేలా ఉంటుంది. భరించలేనిదాకా ఆగి వేసుకుంటే అంత తొందరగా తగ్గదు. మాత్ర మింగలేకపోతే సిరప్ రాయమని అడగండి. కానీ ఊరి నుంచి వచ్చేవాళ్ల చేత "స్ట్రాంగ్ మాత్రలు" తెప్పించుకోకండి. ట్రమడాల్ లాంటివి గల్ఫ్ దేశాల్లో కంట్రోల్డ్ మందులు. యూఏఈకి ముందుగా అనుమతి లేకుండా అవి తెస్తే కేసు అవుతుంది, జైలుకు పోవాల్సి రావచ్చు. తెచ్చేది మీకోసం, ఇరుక్కునేది తెచ్చిపెట్టిన మీ ఊరి పిల్లగాడు.

*ఇంటికి చెప్పండి*

అమ్మ భయపడుతుందని, భార్య ఏడుస్తుందని చాలామంది దాస్తారు. కానీ మాట ముద్దగా వస్తుంటే ఇంట్లోవాళ్లు ఇంకేదో ఊహించుకుంటారు, తాగాడేమో అనుకునేవాళ్లూ ఉంటారు. వాపు తగ్గాక వీడియో కాల్ చేసి మొహం చూపించండి, పక్కన ఒక స్నేహితుడు ఉండి మాట్లాడితే మంచిది. మిగతా రోజులు మెసేజ్ రాయండి. చదువు రానివాళ్ల ఇంటికి రూములో ఒకరు వాయిస్ పెట్టండి. నెల రోజులు మాట లేక, తిండి లేక మనిషి లోపల్లోపల కుంగిపోతాడు. పనికి పోయేముందు పది నిమిషాలు పక్కన కూర్చోవడం కూడా మందు లాంటిదే.

*డ్యూటీకి తొందరపడొద్దు*

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ఏజెంటు అప్పు నెల నెలా అడుగుతుంది. వాపు తగ్గగానే, రెండో వారంలోనే "నేను పోతా" అంటారు. ఎముక అప్పటికి అతుక్కోలేదు. హెల్మెట్ పట్టీ గడ్డం మీదే పడుతుంది. దుమ్ములో, ఎండలో నోరు మూసుకుని బరువు ఎత్తితే ఊపిరికి ఇబ్బంది. ఇంకో దెబ్బ తగిలితే ప్లేటు విరగొచ్చు, మళ్లీ మొదటి నుంచి మొదలు. పది రోజుల జీతం కోసం మూడు నెలలు పోగొట్టుకోవద్దు.

చట్టం మీకు సెలవు ఇచ్చింది. యూఏఈలో ప్రొబేషన్ అయినవాళ్లకు ఏడాదికి 90 రోజుల సిక్ లీవు ఉంది: మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాత 30 రోజులు సగం జీతం, మిగతా 45 రోజులు జీతం లేకుండా. సౌదీలో మొదటి 30 రోజులు పూర్తి జీతం, తర్వాత 60 రోజులు ముప్పావు జీతం, ఆ తర్వాత 30 రోజులు జీతం లేకుండా.

పని దగ్గర జరిగిన దెబ్బ అయితే లెక్క వేరు. యూఏఈ 2021 కార్మిక చట్టం ప్రకారం కోలుకునేదాకా వైద్యం ఖర్చు యజమానిదే. చికిత్స కాలానికి ఆరు నెలల దాకా పూర్తి జీతం, ఇంకా కోలుకోకపోతే మరో ఆరు నెలలు సగం జీతం ఇవ్వాలి. అందుకే "సైటులో పడ్డాడు" అన్నది ఆస్పత్రి కాగితంలో అట్లనే రాయించండి. "రూములో జారిపడ్డానని చెప్పు, మేం చూసుకుంటాం" అని ఎవరన్నా చెప్తే ఒప్పుకోకండి. ఆ ఒక్క లైనుతో మీ హక్కు పోతుంది. రోగి మాట్లాడలేడు కాబట్టి తోడుగా వెళ్లినవాడే ఆ మాట గట్టిగా చెప్పాలి. కాగితాలన్నిటికీ ఫోటో తీసి ఇంటికి ఒక కాపీ పంపండి.

ఇళ్లల్లో పనిచేసే మన అక్కలకు, ముఖ్యంగా కువైట్‌లో ఉన్న కడప, గోదావరి జిల్లాల వాళ్లకు, రూమ్మేట్లు ఉండరు. వైద్యం యజమాని బాధ్యత అని కువైట్‌లో 2015లో వచ్చిన ఇంటిపనివారి చట్టం చెప్తుంది. మీకు ఇట్లాంటిది జరిగితే ఈ గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టండి. మాట్లాడక్కర్లేదు, రాస్తే చాలు. రోజూ ఒక అక్క మిమ్మల్ని పలకరించేటట్టు చూస్తాం.

*వెంటనే ఆస్పత్రికి ఎప్పుడు?*

జ్వరం వస్తే, చీము లేదా చెడు వాసన వస్తే, నెత్తురు ఆగకపోతే, తగ్గిన వాపు మళ్లీ పెరిగితే, వైరు ఊడితే, పళ్లు ముందులా కలవట్లేదని అనిపిస్తే. ఊపిరి కష్టమైతే క్షణం ఆగకుండా అంబులెన్సు. వైర్లు తీసిన తర్వాత నోరు వెంటనే పూర్తిగా తెరుచుకోదు, బిగుసుకుని ఉంటుంది. డాక్టర్ చెప్పిన వ్యాయామం రోజూ చేస్తే మెల్లగా వస్తుంది. బలవంతంగా తెరవకండి.

దుబాయ్, నార్తరన్ ఎమిరేట్స్‌లో ఉన్నవాళ్లు కంపెనీతో ఇబ్బంది వస్తే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 800 46342కి ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు. మిగతా చోట్ల వాళ్లు మీ దేశంలోని మన ఎంబసీని అడగండి.

ఈ మెసేజ్ చదివిన ప్రతి రూము ఒక పని చేయండి. మీ బ్లాకులో దవడ దెబ్బతో పడుకున్న మనిషి ఉన్నాడేమో ఇవాళే కనుక్కోండి. ఉంటే పోయి కూర్చోండి. కట్టర్ ఉందా, దిండ్లు ఉన్నాయా, ఈ పూట ఏం తాగాడు అని అడగండి. తల ఊపి జవాబు చెప్తాడు, అది చాలు.